మిలటరీలో చేసిన నాన్న గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదవగానే మా ఇల్లే గుర్తొచ్చింది. మీ నాన్నగారు పాతికేళ్లకు పైగా ఆర్మీలో చేసి రిటైరయ్యారు, ఈమధ్యే పోయారు, సర్వీసు సంగతులు ఇంట్లో పెద్దగా చెప్పేవారు కాదు అన్నారు. సంవత్సరీకానికి ఆయన గురించి ఒక చిన్న పుస్తకం వేసి బంధువులకు ఇద్దామనుకుంటున్నారు. సైనికుడిగా ఒక భాగం, ఇంటి మనిషిగా ఒక భాగం రాయనా అని అడిగారు.

మా నాన్న ఆర్మీలో సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్ కోర్‌లో 28 ఏళ్లు చేసి 2004లో సుబేదార్‌గా రిటైరయ్యారు. ఆయన పోయాక అక్క, నేను, తమ్ముడు కలిసి సరిగ్గా ఇలాంటి పుస్తకమే రాశాం. ఆ అనుభవంతో చెబుతున్నాను, దయచేసి రెండు భాగాలు చెయ్యకండి. అలా విడదీస్తే మొదటి భాగం నిండా ఊళ్ల పేర్లు, ర్యాంకులు మిగులుతాయి. రెండో భాగంలో ‘పిల్లలంటే ప్రాణం’ లాంటి మాటలు మిగులుతాయి. అసలు మనిషి ఆ రెండింటి మధ్యలో ఉంటాడు.

ముందు డిశ్చార్జ్ బుక్ తీయండి. ఆఫీసర్ కాకుండా జవాన్‌గా, జేసీఓగా (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్‌గా) రిటైరైన ప్రతివాళ్లకీ అది ఇస్తారు. భర్తీ అయిన తేదీ, ట్రేడ్ (అంటే ఏ పనికి తీసుకున్నారో), మెడల్స్, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా అందులో ఉంటాయి. ప్రవర్తన ఎదురుగా ‘ఎగ్జెంప్లరీ’ అని ఉంటే ఆ ఒక్క మాట వెనక ఎన్నేళ్ల క్రమశిక్షణ ఉందో ఊహించుకోండి. అందులోనే భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు కూడా ఉంటాయి. జవాన్లకు పెళ్లయినా, బిడ్డ పుట్టినా యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ వెయ్యాలి, అప్పుడే అది రికార్డులోకి ఎక్కుతుంది. సైన్యమే ఆయన సర్వీసునీ సంసారాన్నీ ఒకే పుస్తకంలో రాసింది. మీరెందుకు విడదీయడం?

తర్వాత మేం ఒక తెల్లకాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఆర్మీ తేదీలు, కుడివైపు ఇంటి తేదీలు రాసుకున్నాం. అప్పటిదాకా అమ్మ చెప్పిన మాటలకు కొత్త అర్థాలొచ్చాయి. తమ్ముడు 1988లో పుట్టాడు. ఎడమవైపు చూస్తే నాన్న అప్పుడు శ్రీలంకలో ఉన్నారు. మన శాంతి సేన 1987 జులైలో అక్కడికి వెళ్లి 1990 మార్చిలో తిరిగొచ్చింది కదా, ఆ మధ్యకాలంలో. తమ్ముణ్ణి మొదటిసారి చూసేసరికి వాడు పాకుతున్నాడు. కొత్త మనిషిని చూసి ఏడ్చాడట. వారం పాటు వాణ్ణి ఎత్తుకోకుండా, దగ్గర్లో కూర్చుని ఏదో ఒక పని చేసుకుంటూ, వాడంతట వాడు వచ్చేదాకా ఆగారని అమ్మ చెప్పింది. ఇది మా నాన్న సైనిక జీవితమా, కుటుంబ జీవితమా? నాకైతే తేల్చడం సాధ్యం కాలేదు. అందుకే పుస్తకంలో దాన్ని శ్రీలంక పేజీలోనే పెట్టాం.

అక్క పెళ్లీ అంతే. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యం సరిహద్దుకు కదిలింది. ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు దాన్ని. 2002 అక్టోబర్‌లో గానీ దళాలను వెనక్కి పిలవలేదు. అక్క పెళ్లి సరిగ్గా ఆ ఎండాకాలంలో. సెలవు దొరుకుతుందో లేదో చివరిదాకా తెలియక ఇంట్లో అందరికీ టెన్షనే. నాన్న పెళ్లి ముందురోజు దిగి, అప్పగింతలు అవగానే బయల్దేరిపోయారు. బంధువుల్లో కొందరు దాన్ని పట్టింపుగా చెప్పుకున్నారు కూడా. కాగితం మీద రెండు తేదీలు పక్కపక్కన చూశాక, ఆ ఒక్క రాత్రి కోసం ఆయన ఎంతమందిని బతిమాలుకుని ఉంటారో మాకు అర్థమైంది.

మెడల్స్‌ని చేతిలోకి తీసుకుని అంచు చూడండి. ఫొటోల్లో కనిపించేది రిబ్బనే, కానీ చాలా వాటికి అంచున నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. నాన్న మెడల్స్‌లో ఒకదాని మీద సిగ్నల్‌మన్ అని, ఇంకోదాని మీద హవల్దార్ అని, మరోదాని మీద నాయబ్ సుబేదార్ అని ఉంది. ప్రమోషన్ల గురించి ఒక్కరోజూ గొప్పగా చెప్పుకోని మనిషి ఎలా ఎదిగారో ఆ అంచులు చదివి తెలుసుకున్నాం. మెడల్స్‌ని బట్టి ఆయన ఎక్కడ పనిచేశారో కూడా కొంత తెలుస్తుంది. 9 ఏళ్లకు, 20 ఏళ్లకు, 30 ఏళ్లకు లాంగ్ సర్వీస్ మెడల్స్ వేరు. సైన్య సేవా మెడల్ రిబ్బన్ మీద ఉండే చిన్న లోహపు పట్టీ ఏ ప్రాంతంలో చేశారో చెబుతుంది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ మెడల్ ఉంటే 1997 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నారన్నమాట. అది అందరికీ ఇచ్చిందే, కాబట్టి దాన్ని శౌర్య పతకంలా రాయకండి. ఇలాంటి చోట్ల నిజం ఎంత ఉందో అంతే రాయడం ఆయనకు మనం ఇచ్చే గౌరవం. తెలిసిన ఫౌజీ ఒక్కడు చదివినా ‘కరెక్టే’ అనాలి.

అందుకే ‘ప్రాణాలకు తెగించి దేశసేవ చేశారు’ అని రాసే ముందు ఆయన ట్రేడ్ ఏమిటో చూసి, రోజూ చేసిన పని ఏమిటో రాయండి. నాన్న లైన్‌మన్‌గా చేరారు. కేబుల్ చుట్టిన డ్రమ్ము భుజానేసుకుని కొండ ఎక్కి లైన్ వెయ్యడం, అది తెగితే రాత్రయినా మంచు పడుతున్నా వెతుక్కుంటూ వెళ్లి అతకడం. ముందున్న పోస్టుకీ వెనకున్న హెడ్‌క్వార్టర్‌కీ మాట కలపడమే ఆయన ఉద్యోగం. తుపాకీ కథలు లేవని మొదట తమ్ముడు కాస్త నీరసపడ్డాడు. ఈ పని గురించి నాన్న పాత యూనిట్ ఆయన ఒకరు ఫోన్‌లో గంటసేపు చెప్పాక, పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద అధ్యాయం అదే అయింది.

పాత యూనిట్ వాళ్లను ఎలా పట్టుకోవాలంటే, ముందు ఉత్తరాలూ ఫొటోల వెనక రాతలూ చూడండి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, దగ్గర్లోని మాజీ సైనికుల సంఘంలో అడగండి. సర్వీసు వివరాలు కావాలంటే ఆయన రెజిమెంట్ లేదా కోర్ రికార్డ్ ఆఫీసుకు నంబరు, ర్యాంకు, పేరు రాసి, మీరేమవుతారో చెప్పి ఉత్తరం రాయొచ్చు. సిగ్నల్స్ వాళ్లదైతే జబల్‌పూర్‌లో ఉంది. ఫోన్‌లో దొరికినవాళ్లని మాత్రం యుద్ధాల గురించి అడగకండి. మెస్‌లో ఎవరి పక్కన కూర్చునేవారు, ఇంటినుంచి ఉత్తరం వస్తే ఏం చేసేవారు, కోపం వస్తే ఎలా ఉండేవారు, ఇలాంటివి అడగండి. మాటలు వాటంతటవే వస్తాయి. వాళ్లూ పెద్దవాళ్లే, ఆలస్యం చెయ్యకండి.

మీరు కేంద్రీయ విద్యాలయాల్లో చదువుకుని ఉంటే మీ టీసీలు కూడా పనికొస్తాయి. పీస్ పోస్టింగ్, అంటే కుటుంబాన్ని వెంట ఉంచుకోగల చోటు, వచ్చినప్పుడల్లా క్వార్టర్ దొరికితే మమ్మల్ని తీసుకెళ్లేవారు, బడి మారేది. కుటుంబాన్ని తీసుకెళ్లే వీల్లేని ఫీల్డ్ పోస్టింగ్ వస్తే మళ్లీ విడిగా. నాన్న ఏ సంవత్సరం ఎక్కడున్నారో డిశ్చార్జ్ బుక్ చెప్పని చోట మా టీసీలు చెప్పాయి. ఫీల్డ్‌లో ఉన్నప్పుడు అడ్రస్ అంటే ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనో ‘99 ఏపీఓ’ అనో మాత్రమే, ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. మనిషి ఏ కొండ మీదున్నాడో కవరు చూసి చెప్పలేం. ఆ కవర్లలో అమ్మ ఏం పంపేదో ఆయన పోయాక నల్ల ట్రంకు పెట్టె తెరిస్తే తెలిసింది. మా ముగ్గురి పాదాలూ కాగితం మీద పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీసి, పేరూ తేదీ వేసి పంపేదట. నాన్న ఆ కాగితాన్ని కత్తిరించి, ఆర్మీ క్యాంటీన్‌కి తీసుకెళ్లి, బూటు లోపల పెట్టి చూసి కొనేవారు. సెలవులో తెచ్చేసరికి పాదం పెరిగిపోతుందని ఒక వేలు ఎడం వదిలి కొనేవారని అమ్మ చెప్పింది. అరిగిపోయిన ఆ కాగితం పాదాలన్నీ ఏ ఏడాదివి ఆ ఏడాదికి పిన్ను పెట్టి దాచుకున్నారు. పుస్తకంలో రెండు పేజీలు వాటి ఫొటోలే వేశాం, కింద ఏమీ రాయలేదు.

అమ్మని అడగడం మాత్రం మర్చిపోవద్దు. ఆయన లేని ఏళ్లలో ఇల్లు నడిపింది ఆవిడ. బ్యాంకు, బడి, జ్వరాలు, అత్తమామలు, అన్నీ. మిలటరీ ఆయన జీవితం రాస్తూ ఆవిడని ‘సహకరించిన భార్య’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే అది సగం కథే. మేం కుడివైపు గడి మొత్తం అమ్మ నోటినుంచే రాసుకున్నాం.

రిటైరయ్యాక జీవితాన్నీ తగ్గించి రాయకండి. నాన్న ఆ తర్వాత ఒక బ్యాంకులో సెక్యూరిటీ గార్డుగా చేశారు. సుబేదార్ సాబ్ అని పిలిపించుకున్న మనిషి తలుపు దగ్గర నిలబడటం ఏమిటని మాకు బాధగా ఉండేది. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు ఆ జీతంతోనే కట్టారు. యూనిఫాం అదే ఇస్త్రీ, బూట్లు అదే మెరుపు. పింఛను డబ్బు తీసుకోవడానికి వచ్చే ముసలివాళ్లకి ఫారాలు నింపిపెట్టేవారట. ఆయన పోయినప్పుడు వాళ్లలో చాలామంది ఇంటికొచ్చారు. ఈ పేజీ రాయాలా వద్దా అని అక్క సందేహించింది, నేను పట్టుబట్టి రాయించాను. ఇప్పుడు మనవలు ఎక్కువగా అడిగి చదివించుకునేది అదే.

ఒక్క జాగ్రత్త. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) ఒరిజినల్స్ ప్రింటింగ్ ప్రెస్‌కి ఇవ్వకండి. ఇంట్లోనే ఫొటో తీసి ఇవ్వండి. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్‌కీ, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డుకీ వాటితో పని పడుతుంది. పుస్తకంలో వేసేటప్పుడు ఆర్మీ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు కనపడకుండా చూసుకోండి. డిశ్చార్జ్ బుక్‌లో పొట్టి అక్షరాలు అర్థం కాకపోతే నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, నాకు తెలిసినంత వరకు చెబుతాను.