బేడ ఎంత, తమ్ముడూ?

చిక్కడపల్లి, హైదరాబాద్

తమ్ముడూ,

నీ కథ అందింది. మొన్న రాత్రి ఒకసారి, పొద్దున టిఫినయ్యాక ఒకసారి చదివాను. 1946లో ముసలాయన సుల్తాన్ బజార్‌లో మనవడికి మిఠాయి కొనిపెట్టే చోటు బాగా కుదిరింది. ఆయన "రాజుగారి బొమ్మున్న బేడ" తీసిచ్చి, పదిహేను పైసలు చిల్లర పుచ్చుకునేసరికి మాత్రం నేను ఆగిపోయాను.

బేడ అంటే రెండణాలు. రూపాయికి పదహారణాలు కాబట్టి రూపాయిలో ఎనిమిదో వంతు, పావలాలో సగం. ఆ రాజుగారి లెక్కలో అణాకు నాలుగు పైసలు, బేడకు ఎనిమిదే. ఎనిమిది పైసలిచ్చి మిఠాయి తీసుకుని, పైగా పదిహేను వెనక్కి పుచ్చుకున్నాడంటే మీ తాత కొట్టువాణ్ణి నిలువునా ముంచినట్టే! రూపాయికి వంద పైసలన్నది 1957 ఏప్రిల్ 1న వచ్చిన లెక్క. అప్పుడు బేడకు పన్నెండున్నర కొత్త పైసలు రావాలి. పాత డబ్బును కొత్తదానిలోకి మార్చే పట్టికలో రాసింది పన్నెండు. ఆ అరపైసా ఎవరి జేబులోకి పోయిందో కావాలంటే ఇంకో కథ రాసుకో.

ఇక రాజుగారి బొమ్మ. 1946లో ఈ ఊళ్ళో నిజాం సొంత నాణెం, హాలీ సిక్కా, నడిచేది. దానిమీద ఉండేది చార్మినార్ బొమ్మ. రాజుగారి బొమ్మ ఉండే బ్రిటిషు రూపాయిని కల్దారు అనేవాళ్ళు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. అంటే మీ తాత చేతిలో రాజుగారి బేడ ఉండకూడదని కాదు, ఉంటే ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకు తెలియాలి. బెజవాడ నుంచి రైల్లో వచ్చాడా? కొట్టువాడు దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి బేరం పెట్టడా? "బేడ" అని ముసలాయన అంటే "దో ఆనే" అని కొట్టువాడు అనడా? నీ సీను అక్కడుంది. నువ్వు దాన్ని వదిలేసి మిఠాయి రంగు గురించి అరపేజీ రాశావు.

నేనేదో పుట్టుకతోనే తెలిసినవాణ్ణని అనుకోకు. నా మొదటి కథల్లో ఒకదాంట్లో "చేతిలో కానీ లేదు" అని రాశాను. కానీ అంటే కాలణా. అచ్చులో చూస్తే "చేతిలో ఏమీ లేదు కానీ" అని ఉంది! పత్రికవాళ్ళు నా వాక్యం సగంలో తెగిందనుకుని దయతో అతికించారన్నమాట. వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాత తెలిసింది, తప్పు నాదీనూ. "కానీ డబ్బులు" అన్నా, "చిల్లుకానీ" అన్నా ఆ గొడవ ఉండేది కాదు. నిఘంటువులో అర్థం దొరుకుతుంది గానీ, పక్కన ఏ మాట పెడితే అది నిలబడుతుందో నలుగురు మాట్లాడుతుంటే వినాల్సిందే.

కొన్ని నాణేలు అదృష్టవంతులు. దమ్మిడీని ఎవరూ చూడలేదు, అయినా "దమ్మిడీకి కొరగాడు" అంటే అందరికీ తెలుసు. పావలా బిళ్ళ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. పావలా వడ్డీ మాత్రం బతికే ఉంది: నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు. పదహారణాల తెలుగుపిల్ల సరేసరి (పన్నెండణాల పిల్ల ఎలా ఉంటుందో నేనింకా చూడలేదు). బేడకు అలాంటి ఆసరా దొరకలేదు. అందుకే వాడితే పక్కనే లెక్క తెలిసేలా వాడు, "పావలా అడిగితే బేడకు దిగాడు" అన్నట్టు. కింద ఫుట్‌నోట్ మాత్రం పెట్టకు.

ఈ కవర్లో ఒక బేడ పెట్టాను. చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్నది. నాలుగు పలకలుగా, మూలలు గుండ్రంగా ఉంటుంది. ఒకవైపు సింహాలు, రెండోవైపు ఎద్దు. 1954ది, నీ కథకు పనికిరాదు. ఊరికే రెండు రోజులు జేబులో వేసుకు తిరిగి, కథతోపాటు తిరిగి పంపు. మర్చిపోకు, అది ఒక్కటే ఉంది నా దగ్గర.

మీ అన్నయ్య