కుమరన్ పేరు ముందున్న ‘ఎం’ ఎవరిది?

ప్రశ్న: అన్నా, మొన్న ఇంట్లో అందరం కూర్చుని తమిళంలో జయం రవి ‘ఎం. కుమరన్ సన్నాఫ్ మహాలక్ష్మి’ చూశాం. కిక్‌బాక్సర్ కుర్రాడి కథ. ఇదే ఒరిజినల్, రవితేజ సినిమా దీని రీమేక్ అని మా బావ, కాదని నేను. పందెం కూడా కాసుకున్నాం. ఇంతకీ ఆ పేరేంటన్నా అంత పొడుగు?
– డిగ్రీ స్టూడెంట్, చిత్తూరు

జవాబు: పందెం నీదే తమ్ముడూ. మన ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ 2003లో వచ్చింది, పూరి జగన్నాథ్ రాసి తీసిన సినిమా, అది తమిళానికి వెళ్లింది 2004లో. తీసింది జయం రవి సొంత అన్నయ్య రాజా, ఇప్పుడు మోహన్ రాజా అంటున్నాం కదా, 2022లో చిరంజీవితో ‘గాడ్ ఫాదర్’ చేసింది ఆయనే. నాన్న వేషం రెండిట్లోనూ ప్రకాష్ రాజే, హీరోయిన్ కూడా రెండిట్లో అసినే. కాకపోతే మన దగ్గర తమిళమ్మాయి, అక్కడ మళ్లీ తమిళమ్మాయి అంటే అందులో విశేషం ఏముంటుంది, అందుకని మలయాళీ అమ్మాయిని చేశారు. అదే ఏడాది కన్నడలో పునీత్ రాజ్‌కుమార్ ‘మౌర్య’గా చేశాడు.

ఇక పేరు సంగతి. నువ్వు అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఆ సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పేరే. మనకి పేరు ముందు అక్షరం అంటే ఇంటిపేరు, తమిళనాడులో అలా కాదు, అక్కడ ఇనీషియల్ అంటే మామూలుగా నాన్న పేరులో మొదటి అక్షరం. స్కూల్లో చేరిన రోజునుంచి అది పక్కనే ఉంటుంది, హాజరు పట్టీలో, మార్కుల లిస్టులో, పెళ్లి పత్రికలో. కుమరన్ వాళ్ల నాన్న పేరు ఈశ్వర్, కానీ కుర్రాడి ముందున్నది ‘ఎం’, అంటే మహాలక్ష్మి. వదిలేసి వెళ్లిపోయిన నాన్న అక్షరం తీసేసి పెంచిన అమ్మ అక్షరం పెట్టుకున్నాడన్నమాట. ఒక్క డైలాగ్ కూడా లేకుండా కథ సగం టైటిల్‌లోనే చెప్పేశారు. మన టైటిల్‌లో ముగ్గురున్నారు, తమిళంలో కొడుకు, అమ్మ, అంతే. ఆ అమ్మగా నదియా చేసింది, చాలా గ్యాప్ తర్వాత మళ్లీ తెరమీదకొచ్చి. మన జయసుధ గారి అమ్మని నేను తక్కువ చెయ్యను, కానీ నదియా పక్కన కొడుకు నిలబడితే ఇద్దరూ ఫ్రెండ్స్‌లా ఉంటారు, ఆమె పోయాక ఆ ఇల్లు ఎంత ఖాళీ అయిపోయిందో మనకే తెలుస్తుంది.

అమ్మ పోయాక మనవాడు వైజాగ్ వెళ్తాడు, కుమరన్ ఏమో మలేసియా వెళ్తాడు, అక్కడ తమిళులు తరతరాలుగా ఉన్నారు కాబట్టి అతికించినట్టు అనిపించదు. కిక్‌బాక్సింగ్ కోచ్ అయిన నాన్నతో, అదీ తనకి ఇంకా కోపం తీరని నాన్నతో, ఒకే కప్పు కింద ఉండాలి. క్లైమాక్స్ చూడనివాళ్ల కోసం చెప్పట్లేదు.

ప్రశ్న: తమిళంలో కిక్‌బాక్సింగ్ సినిమాలన్నీ మననుంచి వెళ్లినవేనా సార్?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: అన్నీ అనలేం గానీ, విజయ్ ‘బద్రి’ కూడా మనదే. 1999లో పవన్ కల్యాణ్ ‘తమ్ముడు’ని అదే డైరెక్టర్ అరుణ్ ప్రసాద్ 2001లో తమిళంలో తీశాడు, రమణ గోగుల పాటలూ వెళ్లాయి. ఆ ‘తమ్ముడు’ మీద హిందీ ‘జో జీతా వొహీ సికందర్’ నీడ ఉంది, కాకపోతే అందులో సైకిల్ పందెం, మనవాళ్లు సైకిల్ తీసి గ్లోవ్స్ తొడిగారు.

ప్రశ్న: తమ్ముడూ, మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఇలాంటి సినిమాలు చూసి కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటానని పట్టు పట్టాడు. ముక్కు పగిలితే, తలకి తగిలితే అని నాకు నిద్ర పట్టట్లేదు. వాళ్ల నాన్న గల్ఫ్‌లో ఉంటారు, నిర్ణయం నాదే. పంపనా?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: పంపండక్కా, కానీ మొదటి రోజు మీరూ వెళ్లండి.

నేను ఒకసారి ఒక జిమ్‌లో చూశాను. పదమూడేళ్ల పిల్లాడు చెయ్యి చాపి వేళ్లన్నీ విడదీసి పెట్టాడు, కోచ్ ఎదురుగా కూర్చుని ఆ పొడుగాటి గుడ్డపట్టీ, హ్యాండ్ ర్యాప్ అంటారు, బొటనవేలికి ఉంగరంలా తగిలించి, మణికట్టు చుట్టూ మూడుసార్లు, వేళ్ల గణుపుల మీదుగా, వేళ్ల సందుల్లోంచి చుట్టుకుంటూ వచ్చాడు, పిల్లాణ్ణి పిడికిలి బిగించమన్నాడు, బిగువు ఎక్కువైందేమోనని వేలి కొన నొక్కి రంగు చూశాడు, మళ్లీ విప్పి కొంచెం వదులుగా చుట్టాడు. ఇంకా ఒక్క గుద్దు కూడా గుద్దలేదు వాడు. అలాంటి మనిషి ఉన్నాడా లేడా అన్నదే మీరు చూడాల్సింది.

సినిమాలో ఒక పాట అయ్యేసరికి హీరో రెడీ అయిపోతాడు, బయట నెలలు పడుతుంది, ముందు నిలబడటం, అడుగులు, కాలు ఎత్తి బ్యాలెన్స్, తర్వాత పంచింగ్ బ్యాగ్, ఆ తర్వాతే ఎదుటి మనిషి. చేరిన వారానికే పెద్దపిల్లలతో కొట్టించే చోటైతే వెంటనే తీసుకొచ్చేయండి. పోటీల్లో కూడా అన్నీ ఒకటి కాదు, పాయింట్ ఫైటింగ్ అని చాపల మీద జరుగుతుంది, దెబ్బ సరిగ్గా తగలగానే రిఫరీ ఆపి పాయింట్ ఇస్తాడు, బలం చూపిస్తే తప్పు. మీవాడికి మొదలు అదే మంచిది. రింగ్‌లో జరిగే ఫుల్ కాంటాక్ట్‌లో నడుం పైనే తన్నాలి, ‘లో కిక్’ అనే రకంలో తొడ మీద కూడా తన్నొచ్చు, అమెచ్యూర్‌లో రెండేసి నిమిషాల మూడు రౌండ్లు, తలకి హెడ్‌గార్డ్, నోట్లో మౌత్‌గార్డ్, కాళ్లకి షిన్‌గార్డ్ తప్పనిసరి. హీరోల్లాగా ఖాళీ తలతో దిగరు. ‘తమ్ముడు’లో లాగ చేతివేళ్ల మీదుగా కారు పోనివ్వడం ఏ కోచ్ నేర్పడు, అది ఇంట్లో ట్రై చెయ్యొద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి.

తల విషయంలో మీ భయం న్యాయమైనదే. దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, మాట తడబడటం, వీటిల్లో ఏది కనిపించినా ఆ రోజుకి ఆట బంద్, నేరుగా డాక్టర్ దగ్గరికి. మీవాడు ‘ఏం కాదమ్మా’ అంటాడు, వినొద్దు. డాక్టర్ సరే అనేదాకా మళ్లీ గ్లోవ్స్ వెయ్యనివ్వొద్దు. ఇంకోటి, పోటీకి బరువు తగ్గాలని అన్నం, నీళ్లు మానమనే కోచ్ ఉంటాడు, ఎదిగే పిల్లాడికి అది అస్సలు కుదరదు, పై బరువు కేటగిరీలో ఆడమనండి.

ఇది గొడవలు నేర్పే ఆట అనుకోకండి. వాకో అనే ప్రపంచ కిక్‌బాక్సింగ్ సంస్థకి 2021లో ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు ఇచ్చింది, ఒలింపిక్స్‌లో మాత్రం ఇంకా లేదు. చేర్చేముందు ఆ జిమ్ ఏ అసోసియేషన్ కింద ఉందో అడగండి, కాగితం చూపించమనండి, మొహమాటపడొద్దు.

గ్లోవ్స్ తర్వాత కొనొచ్చు, ముందు మౌత్‌గార్డ్ కొనండి. వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక కొరికితే పళ్ల ఆకారానికి కుదురుకునే రకం ఉంటుంది, కవర్ మీద రాసినంతసేపే నీళ్లలో ఉంచాలి. అది మాత్రం మీ చేత్తోనే చేయించండక్కా.