గాజుపై గాడులు కోసే సీఎన్‌సీ కొలువు: బటన్ నొక్కడమేనా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. గాజు పలకలపై గాడులు కోసే సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే) మెషిన్ మీద ట్రెయినీ ఆపరేటర్‌గా చేరమంటున్నారు. పలక పెట్టి బటన్ నొక్కడం తప్ప ఇందులో నేర్చుకునేది ఏముందని ఇంట్లో సందేహం. ఈ పనిని నమ్ముకోవచ్చా?

జవాబు: బటన్ దగ్గరే ఆగిపోతే మీ సందేహం నిజమే. పలకలు ఎక్కించి దించే పనికి రోబో చెయ్యి వచ్చేసింది. కానీ ఈ మెషిన్‌కు తెలియనివి రెండున్నాయి: గాజు పైభాగం సరిగ్గా ఎక్కడుందో, కోసే చక్రం ఎంత అరిగిందో. ఆ రెండూ కనిపెట్టి సరిదిద్దేవాడికే ఇక్కడ విలువ.

ఒక ఉదాహరణ చూడండి. 6 మి.మీ. పలకపై 120 డిగ్రీల ‘వి’ ఆకారపు గాడి 1 మి.మీ. లోతున కోయాలి. అప్పుడు పైన గాడి వెడల్పు 3.46 మి.మీ. వస్తుంది. 6 మి.మీ. ఫ్లోట్ గాజు మందంలో 0.2 మి.మీ. అటూ ఇటూ తేడాను ప్రమాణాలే అనుమతిస్తాయి. ఎత్తుకు సున్నా బిందువును మెషిన్ బల్ల నుంచి లెక్కిస్తే, 5.8 మి.మీ. పలకపై లోతు 0.8కి తగ్గి వెడల్పు 2.77 మి.మీ. అవుతుంది, 6.2 మి.మీ. పలకపై అదే ప్రోగ్రామ్ 4.16 మి.మీ. వెడల్పు కోస్తుంది. లోతులో తేడా కంటికి దొరకదు, వెడల్పులో తేడా మాత్రం పక్కపక్కన పెట్టగానే దొరికిపోతుంది. అందుకే పనితెలిసిన సెటర్ (మెషిన్‌ను పనికి సిద్ధం చేసేవాడు) టచ్ ప్రోబ్‌తో (తాకి ఎత్తు కొలిచే సాధనం) పలక పైభాగాన్ని నాలుగైదు చోట్ల తాకించి, అక్కడి నుంచి సున్నా తీసుకుంటాడు. గాడి ఒక కొసన వెడల్పుగా, రెండో కొసన సన్నగా వచ్చిందంటే ప్రోగ్రామ్‌ను తిట్టుకునే ముందు పలకను పీల్చి పట్టుకునే వాక్యూమ్ కప్పులు చూడాలి. ఒకవైపు కప్పులు అరిగినా, వాటికింద గాజు ముక్క ఇరుక్కున్నా పలక వాలుతుంది.

చక్రాల సంగతి ఇంకా పెద్దది. గాడి ఒక్క చక్రంతో పూర్తికాదు. మొదట మెటల్ బాండ్ (లోహంలో వజ్రపు రేణువులు పొదిగిన) డైమండ్ చక్రం కోస్తుంది. తర్వాత సన్న గ్రిట్ (రేణువుల) చక్రం ఆ గరుకు గీతలు తీస్తుంది. చివర్లో సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ చేస్తారు. గాడిలో మసక మిగిలితే కొత్తవాళ్లు పాలిష్ సమయం పెంచుతారు. దానివల్ల లాభం లేదు. నడిమి దశలో పోని గీతలు పాలిష్‌తో మెరుస్తాయే తప్ప మాయం కావు. వెనక్కి వెళ్లి సన్న గ్రిట్ చక్రాన్ని సరిచూడాలి.

కోసే చక్రం మొద్దుబారిందని ముందు చెప్పేవి చప్పుడు, స్పిండిల్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) లోడ్ మీటర్. డైమండ్ రేణువుల మధ్య గాజు పొడి పూడుకుపోతే చక్రం కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. గాడి అంచులు పెచ్చులు లేస్తాయి. అల్యూమినా కడ్డీతో డ్రెస్సింగ్ చేసి రేణువులు మళ్లీ బయటపడేలా చేయాలి, ఆ తర్వాత చక్రం వ్యాసం కొలిచి మెషిన్‌లో ఆఫ్‌సెట్ (చక్రం కొలతకు తగ్గ సవరణ అంకె) మార్చాలి. ఈ రెండోది మరిచిపోతే తర్వాతి గాడులన్నీ లోతు తగ్గుతాయి. పెచ్చులు గాడి మొదట్లో, చివర్లో మాత్రమే లేస్తుంటే చక్రం తప్పుకాకపోవచ్చు. గాజులోకి దిగే చోట, బయటపడే చోట ఫీడ్ (చక్రం ముందుకు కదిలే వేగం) తగ్గించి చూడాలి.

నీళ్ల విషయంలో అజాగ్రత్త అస్సలు కుదరదు. 150 మి.మీ. చక్రం నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 23.6 మీటర్లు. గాజు వేడిని త్వరగా పక్కకు పంపలేదు. నాజిల్ కాస్త పక్కకు తిరిగి నీటిధార కోతచోటు తప్పిందంటే అక్కడే వేడెక్కి పగులు పుడుతుంది. పగుళ్లకు తరచూ కారణం తొట్టిలో పేరుకున్న గాజు బురద నాజిల్‌ను మూసేయడమే.

ఇంకో నియమం మొదటి రోజే గట్టిగా పట్టుకోవాలి: ముందు గాడి కోయాలి, ఆ తర్వాతే టెంపరింగ్. టెంపరింగ్‌లో గాజును 600 డిగ్రీల సెల్సియస్ దాటించి గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో రెండు పైపొరలు, ఒక్కోటి మందంలో దాదాపు అయిదో వంతు, ఒత్తిడిలో బిగుసుకుపోతాయి. ఆ పొర తెగితే లోపలి లాగుడు బయటపడి పలక మొత్తం ముక్కలైపోతుంది. అలాగే గాడి అంచున పెద్ద పెచ్చు వదిలేసి ఫర్నేస్‌కు పంపితే, తప్పు మీ అబ్బాయి మెషిన్‌ది, పగిలేది పక్క విభాగంలో. ఆ గొడవలు రాకుండా పంపేముందు లెన్స్‌తో అంచులు చూసే అలవాటు మంచిది.

చేరేలోపు ఏం నేర్చుకోవాలి? జీ-కోడ్‌లో (మెషిన్‌కు ఆదేశాలిచ్చే భాష) జీ00, జీ01, జీ02, జీ03 కదలికలు, టూల్ పొడవు, వ్యాసార్ధం ఆఫ్‌సెట్లు. ఏదైనా క్యామ్ (కోత మార్గాలను ప్రోగ్రామ్‌గా మార్చే) సాఫ్ట్‌వేర్‌లో సరళ, వక్ర మార్గాలు గీయడం. త్రికోణమితిలో టాన్ చాలు: పైన చెప్పిన వెడల్పు లెక్క, లోతుకు రెండింతలను సగం కోణం టాన్‌తో గుణించడమే. పేరున్న కోర్సు సర్టిఫికెట్ కంటే వెర్నియర్, డయల్ గేజ్ తడబడకుండా చదవడం ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది.

ఎదుగుదల ఎక్కడికంటారా? తలుపులు, అద్దాల అలంకరణ పని నుంచి సెటర్, ప్రోగ్రామర్ స్థాయికి దారి సూటిగానే ఉంటుంది. సూక్ష్మ పని వేరే లోకం. ఆప్టికల్ ఫైబర్లను వరుసగా కూర్చోబెట్టే గాజు దిమ్మల్లో గాడుల మధ్య దూరం 250 లేదా 127 మైక్రాన్లు. ఫైబర్ వ్యాసం 125 మైక్రాన్లు, సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే కోర్ 9 మైక్రాన్ల చుట్టుపక్కల. గాడి ఒక్క మైక్రాన్ జరిగినా కాంతి నష్టం లెక్కకొస్తుంది. అక్కడ పలుచని బ్లేడ్ ఉన్న డైసింగ్ సా (కోత యంత్రం), క్లీన్ రూమ్, మైక్రోస్కోప్ కొలతలు ఉంటాయి. అలంకరణ గాజులో ఎన్నేళ్లు చేసినా ఆ తలుపు దానంతటది తెరుచుకోదు. కొలతల శాస్త్రం, గణాంక నాణ్యత నియంత్రణ విడిగా నేర్చుకోవాలి. మీవాడికి మైక్రోస్కోప్ ముందు గంటలు కూర్చునే ఓపిక ఉంటే ఇటువైపు చూడమనే నా సలహా.

శారీరక కష్టం దాచకూడదు. 6 మి.మీ. గాజు చదరపు మీటరుకు 15 కిలోలు, 10 మి.మీ. అయితే 25. తడి నేల, నిలబడి పని, చెవులకు మఫ్‌లు. పలక మోసేటప్పుడు తెగని గ్లవ్స్ తప్పనిసరి. తిరుగుతున్న స్పిండిల్ దగ్గర అవే గ్లవ్స్ చేతిని లోపలికి లాగేస్తాయి, అక్కడ వేసుకోకూడదు. బురద ఎండాక ఊడిస్తే పొడి లేస్తుంది, తడిగానే తీయాలి.

ఒప్పుకునే ముందు ఆ సంస్థను నాలుగు అడగండి. మెషిన్‌కు టచ్ ప్రోబ్ ఉందా? ట్రెయినీ ఎన్ని నెలలకు ఆఫ్‌సెట్ పేజీ ముట్టుకుంటాడు? చక్రాల డ్రెస్సింగ్ ఎవరు చేస్తారు? పగిలిన పలకల రికార్డులో కారణం రాస్తారా, సంఖ్య మాత్రమేనా? రెండో ప్రశ్నకు ‘చూద్దాం’ అని జవాబు వస్తే, గడువు ఎంతో రాతపూర్వకంగా తీసుకున్నాకే చేర్చండి.