క్రేన్ల బొమ్మలు వేసే పాపను ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: నేను హైడ్రా (చక్రాల మీద తిరిగే క్రేన్) ఆపరేటర్‌ను. దామరచర్ల థర్మల్ ప్లాంట్ పనుల్లో బండి నడిపాను. మా పాప పదో తరగతి. నోట్‌బుక్కుల నిండా క్రేన్ల బొమ్మలే. బొమ్మలతో అన్నం పుడుతుందా అని ఇంట్లో గొడవ. ఆమెను ఏ చదువులో వేయాలి?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: బొమ్మలు బాగున్నాయా లేదా అన్నది పక్కన పెట్టండి. పాప క్రేన్ రూపం చూసి వేస్తోందా, అది పనిచేసే తీరు చూసి వేస్తోందా అన్నది తేలాలి. అది పట్టుకోవడానికి నాకన్నా మీరే తగినవారు.

ఒక తెల్ల కాగితం, స్కేలు, పెన్సిల్ ఇవ్వండి. రంగులు, షేడింగ్ వద్దు. మీ హైడ్రాను పెట్టెలు, గుండ్రాలతోనే వేయమనండి. బాడీ ఒక పెట్టె, బూమ్ (బరువు లేపే చేయి) పొడవాటి పెట్టె, అందులోంచి బయటికొచ్చే భాగం కొంచెం సన్నపు పెట్టె. పక్క నుంచి చూస్తే చక్రాలు రెండే కనపడాలి. నాలుగూ వేస్తే తప్పు పట్టకండి, ‘పైనుంచి చూస్తే ఎట్లుంటది?’ అని ఇంకో కాగితం ఇవ్వండి. ఒకే వస్తువును ముందు నుంచి, పక్క నుంచి, పైనుంచి విడివిడిగా చూపించడమే ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కు పునాది.

తర్వాత బూమ్‌ను రెండు రకాలుగా వేయించండి: నిటారుగా లేపి ఒకటి, కిందికి దించి ముందుకు చాపి ఒకటి. ఎందులో ఎక్కువ బరువు లేస్తుందో అడగండి. ఎంత దూరంలో ఎంత బరువు లేపొచ్చో చెప్పే క్యాబిన్‌లోని లోడ్ చార్ట్ మీకు కంఠస్థమే కదా! బరువు దూరం జరిగేకొద్దీ బండి ముందుకు ఒరుగుతుందని పాప తనంతట తను చెబితే సగం పరీక్ష అయిపోయినట్టే. కొక్కెం దగ్గర రోప్ ఎన్ని వరసలు వేసిందో కూడా లెక్కపెట్టండి. నాలుగు వరసలుంటే ఒక్కో వరస మీద సుమారు నాలుగో వంతు బరువే పడుతుంది. టవర్ క్రేన్ వేస్తే, ఆ ఇనుప జాలీలో అన్నీ త్రికోణాలే ఎందుకని అడగండి. చతురస్రాన్ని మూల పట్టుకుని నెడితే పక్కకు వాలుతుంది, త్రికోణం వాలదు.

ఈ ప్రశ్నలు పాపకు హుషారిస్తే పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాయించి మెకానికల్ డిప్లొమాలో చేర్చండి. మూడేళ్ల కోర్సు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. తర్వాత ఈసెట్ (డిప్లొమా చదివినవాళ్లకు ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ (యంత్రాల డ్రాయింగ్‌లు గీసే పని) రెండేళ్ల ట్రేడ్ కూడా ఉంది కానీ, పై చదువుకు దారి తేలికని నేను డిప్లొమాకే ఓటేస్తాను. ఆడపిల్లకు మెకానికల్ ఏంటని మీవాళ్లు అంటారేమో. డిజైన్ ఆఫీసులో పని కంప్యూటర్ ముందే, సైట్‌కు వెళ్లినా కొలతలు చూసుకోవడానికే ఎక్కువగా.

ఆ ప్రశ్నలు విసుగనిపించి తుప్పు, నీడ, రంగు వేయడంలోనే సంతోషం ఉంటే అదీ మంచిదే. అప్పుడు ఇంటర్ చదివించి, బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) కోసం ఎన్‌ఐడీ, యూసీడ్ ప్రవేశ పరీక్షల వైపు చూడండి.

ఒక్క జాగ్రత్త. పాలిసెట్‌లో మ్యాథ్స్‌దే పెద్ద వాటా. ఈ ఏడాది బొమ్మలు ఆపించకండి గానీ, రోజూ లెక్కలకూ కొంత టైమ్ పెట్టించండి. ల్యాప్‌టాప్ కోసం ఇప్పుడే అప్పు చేయొద్దు. పరీక్షలయ్యాక తెలిసినవాళ్ల కంప్యూటర్‌లో ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ వేయించండి, అది ఉచితమే.