టెక్ సందేహాలు: సీఎన్‌సీ రౌటర్ కొనే ముందు మీ జాయింట్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మాది చిన్న క్యాబినెట్ వర్క్‌షాప్. నాతో కలిపి ఐదుగురం. కిచెన్ క్యాబినెట్లు, వార్డ్‌రోబ్‌లు చేస్తాం. ఇన్నాళ్లూ ప్యానెల్ సా మీద కోసి, చేత్తో డ్రిల్ చేసి బిగిస్తున్నాం. ఇప్పుడు రోజుకు ఎనిమిది, పది షీట్లు కోయాల్సి వస్తోంది, అందుకే కంప్యూటర్ ఆదేశాలతో కోసే సీఎన్‌సీ రౌటర్ కొందామనుకుంటున్నా. ఒకరేమో 9 కిలోవాట్ల స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటార్) తీసుకో అంటారు, ఇంకొకరు ఏటీసీ (బిట్లను తనే మార్చుకునే ఏర్పాటు) లేకపోతే దండగ అంటారు, మరొకాయన మామూలు సింగిల్ హెడ్ చాలు, మిగతాదంతా హంగామా అంటాడు. కొటేషన్లు చూస్తుంటే తల తిరుగుతోంది. ఏది చూసి కొనాలి?

జవాబు: మీ ఉత్తరంలో స్పిండిల్ ఉంది, ఏటీసీ ఉంది, రోజుకు ఎన్ని షీట్లో కూడా ఉంది. లేనిదల్లా మీ బాక్సుల్ని దేంతో బిగిస్తారన్నదే. స్క్రూలా, మినీఫిక్సా (విప్పి మళ్లీ బిగించగల క్యామ్, బోల్టుల జత), చెక్క మేకులైన డోవెలూ జిగురూనా? అమ్మేవాళ్లు ఈ మాట అడగరు, కొనేవాళ్లకు చెప్పాలని తోచదు, తీరా మెషిన్ దిగిన మూడో రోజున బయటపడుతుంది.

మామూలు మూడు యాక్సిస్‌ల రౌటర్ షీట్‌ని బల్ల మీద పడుకోబెట్టి పైనుంచి మాత్రమే పని చేస్తుంది. కోస్తుంది, గాడి తీస్తుంది, పలక ముఖం మీద రంధ్రాలు వేస్తుంది. అంచులోకి అడ్డంగా రంధ్రం వేయమంటే మాత్రం దానివల్ల కాదు. మినీఫిక్స్‌నే తీసుకోండి. క్యామ్ (తిప్పితే బోల్ట్‌ని బిగించే చక్రం) కూర్చునే 15 మిల్లీమీటర్ల గుంట పలక ముఖం మీదే ఉంటుంది కాబట్టి రౌటర్ వేసేస్తుంది. దాని బోల్ట్ దూరే 8 మిల్లీమీటర్ల రంధ్రం అంచులోంచి రావాలి. అంటే అంత పెద్ద మెషిన్ పక్కనే, ఆ రంధ్రాల కోసం జిగ్గూ హ్యాండ్ డ్రిల్లూ పట్టుకుని మళ్లీ ఒక మనిషి నిలబడాల్సిందే.

స్క్రూలతో బిగించేవాళ్లకు ఈ బాధ లేదు. నిలువు పలకలో 5, 6 మిల్లీమీటర్ల లోతు గాడి తీసి, అడ్డపలకని అందులో కూర్చోబెట్టి బయటి నుంచి స్క్రూ దించేస్తే టేపు తీసే పని కూడా ఉండదు, పలక తనంతట తనే మూలమట్టానికి నిలబడుతుంది. స్క్రూ తలలు కనిపించే చివరి బాక్సులకు పైన ఒక ప్యానెల్ వేసుకోవాలి, అంతే. రౌటర్ కొన్నాక జాయింట్‌నే ఇలా మార్చేసుకున్నవాళ్లు ఉన్నారు, తెలివైన పనే. మీరు విడి పలకలుగా పంపి సైట్‌లో బిగించే రకం అయ్యి, మినీఫిక్స్ వదల్లేకపోతే మాత్రం నా సలహా మీకు రుచించకపోవచ్చు: రౌటర్ ఆలోచన పక్కన పెట్టండి. ప్యానెల్ సా మీ దగ్గర ఉండనే ఉంది, ఆ పెట్టుబడితో ఆరు వైపులా రంధ్రాలు వేసే సీఎన్‌సీ డ్రిల్లింగ్ మెషిన్ చూడండి. నలుపలకల ముక్కలు కోయడంలో రంపాన్ని రౌటర్ మించలేదు, పైగా రంపం కోతకు 4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పోతే రౌటర్ బిట్ 10, 12 మిల్లీమీటర్లు తినేస్తుంది. కోత, గాడి, రంధ్రాలు అన్నీ షీట్ కదపకుండా ఒకే దఫాలో అయిపోవడమే రౌటర్ వల్ల వచ్చే లాభం.

సరే, జాయింట్ గాడీ స్క్రూ అనే అనుకుందాం. ఇప్పుడు ఏటీసీ సంగతి. బయటి కోతకు కంప్రెషన్ బిట్ కావాలి. కింది మొన పైకి లాగుతూ, పై భాగం కిందికి నొక్కుతూ కోస్తుంది కాబట్టి లామినేట్ రెండు వైపులా పెచ్చులు లేవవు. ఇదే బిట్‌తో వెనక పలకకు గాడి కూడా తీసేద్దామంటే కుదరదు, లోతు తక్కువ కాబట్టి పైకి లాగే మొన ఒక్కటే తగిలి లామినేట్‌ని లేపేస్తుంది, దానికి కిందికి నొక్కుతూ కోసే డౌన్‌కట్ బిట్ వేరే పెట్టాలి. షెల్ఫ్ పిన్నులకు 32 మిల్లీమీటర్ల దూరంతో వరసగా వేసే రంధ్రాలకు 5 మిల్లీమీటర్ల డ్రిల్. షట్టర్ల (తలుపుల) షీట్ అయితే హింజ్ కప్పుకు 35 మిల్లీమీటర్ల బిట్, దాన్ని కోత బిట్ తిరిగే స్పీడులోనే తిప్పారంటే చెక్క మాడిన వాసన వస్తుంది, స్పీడు బాగా తగ్గించాలి.

మొత్తానికి షీటుకు మూడు బిట్లు అనుకోండి. సింగిల్ హెడ్ మీద ప్రతిసారీ స్పానర్లు పట్టి కొల్లెట్ (బిట్‌ని పట్టే బిగింపు) విప్పాలి, బిట్ మార్చాలి, జెడ్ జీరో (బిట్ మొన ఎత్తు) మళ్లీ పట్టాలి. చేయి తిరిగిన మనిషికే రెండు, మూడు నిమిషాలు. ముందు అన్ని షీట్లకూ రంధ్రాలు కొట్టేసి తర్వాత కోద్దాం అనుకుంటారేమో, ఒకసారి తీసిన షీట్ మళ్లీ సరిగ్గా అదే చోట కూర్చోదు. పది షీట్లకు ముప్పై మార్పులు, గంటకు పైగా దానికే పోతుంది. అందులో ఒక్కసారి జెడ్ తప్పు పట్టారా, బిట్టైనా పోతుంది, బల్లైనా పోతుంది. కాబట్టి మీ లెక్కకు ఏటీసీ తీసుకోండి. రోజుకు రెండు, మూడు షీట్లే అయితే వద్దనేవాణ్ని. నాలుగు స్పిండిళ్లు పక్కపక్కన ఉండి ఏది కావాలంటే అది కిందికి దిగే మల్టీ హెడ్ మెషిన్లు కూడా ఉన్నాయి, పర్వాలేదు, కాకపోతే నాలుగింటి మధ్య దూరాన్ని అప్పుడప్పుడూ సరిచూసుకోకపోతే రంధ్రం ఒకచోట, గాడి ఒకచోట పడుతుంది. ఏటీసీకి కంప్రెసర్ గాలి పొడిగా రావాలి, బిట్లను పట్టే టూల్ హోల్డర్ల టేపర్ (సన్నబడే భాగం) మీద పొట్టు లేకుండా తుడుస్తుండాలి. ఈ రెండూ మీ కుర్రాళ్లు చేస్తారో లేదో మీకే తెలియాలి. స్పిండిల్ అంటారా, 18 మిల్లీమీటర్ల ప్లైని ఒకే దెబ్బకు కోయడానికి 6 నుంచి 9 కిలోవాట్లలో ఏదైనా సరిపోతుంది, దాని మీద ఇంతకు మించి బుర్ర పాడుచేసుకోకండి.

కొటేషన్‌లో ఎక్కడో చివర ‘వాక్యూమ్ పంప్ – 1’ అని ఒక లైన్ ఉంటుంది చూడండి, నేనైతే చదవడం అక్కడి నుంచి మొదలుపెడతాను. షీట్‌ని పట్టి ఉంచేది అదే. గాలి మన నెత్తిన చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు మోపుతుంది, పంప్ కింద గాలిని సగం లాగేసిందనుకుంటే అర కిలో నొక్కుడు మిగులుతుంది. 2440 బై 1220 మిల్లీమీటర్ల నిండు షీట్ మీద అది దాదాపు 15 టన్నులు, ఏనుగులు లాగినా కదలదు. అదే షీట్‌లోంచి 10 బై 15 సెంటీమీటర్ల ముక్క ఒకటి కోస్తున్నారనుకోండి, దాని మీద నొక్కుడు 75 కిలోలు. పక్కకు తోసే బిట్‌ని ఆపాల్సింది ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడి మాత్రమే, అది ఇందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. పైగా అప్పటికి షీట్ నిండా కోతలు పడి ఉంటాయి, ప్రతి కోతలోంచీ గాలి దూరుతుంటుంది, గేజ్ మీద ముల్లు పడిపోతుంటుంది. ఒక వర్క్‌షాప్‌లో ఇలాంటి చిన్న ముక్కే చివరి అంగుళంలో గిర్రున తిరిగి, బిట్‌ని విరిచి గోడకు కొట్టుకుంది. అప్పటి నుంచి నేను మెషిన్ దగ్గర అడ్డంగా నిలబడను.

అందుకే పంప్ ఎంత గట్టిగా లాగుతుందన్నదే కాదు, గాలి కారుతున్నా ఎంత పరిమాణం లాగుతూనే ఉండగలదన్నది కూడా అడగండి. బల్ల కనీసం నాలుగు, ఆరు జోన్లుగా ఉండాలి, షీట్ లేనిచోట వాల్వ్ మూసేయడానికి. మీ చేతిలో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. బిట్ బల్లకు తగలకుండా దాని మీద పరిచే ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసిన పలక) స్పాయిల్‌బోర్డ్ గాలిని తన గుండా పీల్చనివ్వాలి కాబట్టి రెండు ముఖాల మీదా గట్టి పొర గీసేయాలి, అంచులకు మాత్రం పెయింట్‌తోనో ఎడ్జ్ బ్యాండ్‌తోనో సీల్ వేయాలి. చిన్న ముక్కల్ని ముందు కోయించాలి, షీట్ ఇంకా నిండుగా ఉండగానే. ఇంకా అనుమానంగా ఉంటే మొదటి పాస్‌లో అడుగున అర మిల్లీమీటరు పొర వదిలేసి, చివర్లో ఆ పొరని తీసేయండి.

ఇక స్పీడు. బ్రోషర్‌లో నిమిషానికి 60 మీటర్లు అని రాసి ఉంటే అది ఉత్త చేతులతో పరిగెత్తే స్పీడు, కోసేటప్పటిది కాదు. కోత స్పీడు ఎందుకు ముఖ్యమో లెక్క చూడండి. రెండు అంచుల బిట్ 18,000 ఆర్‌పీఎంలో తిరిగితే నిమిషానికి 36,000 సార్లు చెక్కని కొరుకుతుంది. నిమిషానికి 12 మీటర్లు నడిపితే ఒక్కో కాటుకు 0.33 మిల్లీమీటర్లు, చక్కటి పొట్టు వస్తుంది, వేడి ఆ పొట్టుతోపాటే బయటికి పోతుంది. గట్టిదనం లేని మెషిన్ ఊగుతోందని 4 మీటర్లకు తగ్గించారా, కాటు 0.11కి పడిపోతుంది, బిట్ కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది, పొట్టుకు బదులు పిండి రాలుతుంది, కార్బైడ్ అంచు మాడి మొద్దుబారుతుంది. మెల్లగా నడిపితే బిట్ ఎక్కువ కాలం వస్తుందనుకునేవాళ్లు చాలామంది, జరిగేది దానికి రివర్స్. కాబట్టి ఫ్రేమ్ బరువు, గాంట్రీ (స్పిండిల్‌ని మోసే అడ్డ దూలం) మందం, స్టెప్పర్ బదులు తన స్థానం తనే సరిచూసుకునే సర్వో మోటార్లు, ఇవన్నీ ఈ 12 మీటర్ల దగ్గర ఊగకుండా నడవడానికే. స్టెప్పర్ ఎక్కడైనా తడబడి స్టెప్ మిస్సయితే చెప్పదు, ఆ తర్వాతి రంధ్రాలన్నీ పక్కకు జరిగాక మీరే కనుక్కోవాలి.

డెమోకు వెళ్లేటప్పుడు మీ షీట్ మీరే పట్టుకెళ్లండి, వాళ్ల మెత్తటి ఎండీఎఫ్ మీద చెక్కే పువ్వులు చూసి రాకండి. మీరు వాడే లామినేట్ ప్లై, మీ ఫైల్, అందులో ఒక చిన్న ముక్క కూడా ఉండేలా. 800 బై 600 మిల్లీమీటర్ల పలక ఒకటి కోయించి రెండు మూలల మధ్య కొలవండి, రెండు డయాగనల్స్ కూడా 1000 రావాలి. ఒకటి 999, ఇంకోటి 1001 వచ్చిందంటే గాంట్రీ మూలమట్టంలో లేదు, మీ షట్టర్లన్నీ అలాగే వస్తాయి. పలక తిప్పి అడుగు వైపు పెచ్చులు చూడటం మర్చిపోకండి.

ప్రశ్న: డిజైన్ స్కెచప్‌లో చేస్తాను. అదే ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసి మెషిన్‌కి ఇస్తే చాలదా?

జవాబు: చాలదు. మెషిన్‌కి అర్థమయ్యేది జీ-కోడ్. మీ డిజైన్‌ని ఏ బిట్‌తో, ఎంత లోతులో, ఏ వరసలో కోయాలో తేల్చి జీ-కోడ్‌గా మార్చే క్యామ్ సాఫ్ట్‌వేర్ మధ్యలో ఉండాలి. వీక్యార్వ్ లాంటి వాటితో మొదలుపెట్టొచ్చు. క్యాబినెట్లే మీ పని అయితే మొజాయిక్, క్యాబినెట్ విజన్ లాంటివి కొలతలు ఇస్తే పలకల లిస్టు, నెస్టింగ్ (షీట్ మీద పలకల అమరిక), కోడ్ దాకా తీసుకెళ్తాయి. ఏది తీసుకున్నా మీ మెషిన్ కంట్రోలర్‌కు సరిపడే పోస్ట్ ప్రాసెసర్ (కోడ్‌ని ఆ కంట్రోలర్ భాషలోకి మార్చేది) ఉందా, ఏటీసీ టూల్ నంబర్లు, డ్రిల్ బ్యాంక్ (వరస డ్రిల్లుల సెట్) ఉంటే దానితో సహా పనిచేస్తుందా అని మెషిన్ అమ్మేవాళ్ల దగ్గరే తేల్చుకోండి. లేకపోతే ‘మాది కాదు, సాఫ్ట్‌వేర్ వాళ్లది’ అని వాళ్లు, ‘మాది కాదు, మెషిన్‌ది’ అని వీళ్లు, మధ్యలో మీకు టెన్షన్.

ఇంకోటి, 18 అని రాసి ఉన్న ప్లై నిజంగా 18 ఉండదు. క్యాలిపర్ పెడితే 17.4 చూపించొచ్చు, తర్వాతి లాట్ 17.7 ఉండొచ్చు. ఆ మందం ఒక్కచోట మారిస్తే గాడులు, పలకల కొలతలు అన్నీ వాటంతటవే మారాలి. ఆ సౌకర్యం లేని సాఫ్ట్‌వేర్‌తో ప్రతి లాట్‌కీ ఏడుపే. లేబుల్ ప్రింటర్ కూడా పెట్టుకోండి, పది షీట్లు విప్పేసరికి అన్నీ ఒకేలా కనిపించే డెబ్బై, ఎనభై పలకలు ఎదురుగా ఉంటాయి.

ప్రశ్న: డస్ట్ కలెక్టర్ తర్వాత కొనుక్కోవచ్చా? ప్రస్తుతానికి మామూలు వాక్యూమ్ క్లీనర్ పెడదామని...

జవాబు: వద్దు, మెషిన్‌తోపాటే రానివ్వండి. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. ఎండీఎఫ్ పొడి పిండిలా గాలిలో తేలుతూ ఉంటుంది, చిన్న క్లీనర్ ఫిల్టర్ నిమిషాల్లో మూసుకుపోతుంది. ఆ పొడే గైడ్ రైళ్ల మీదా, ఏటీసీ టేపర్‌లోకీ చేరుతుంది. ప్లాస్టిక్ పైపు వాడితే స్టాటిక్ కరెంట్ పుడుతుంది కాబట్టి లోపల వైరు ఉన్న పైపు తీసుకుని ఎర్త్ చేయించండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ రౌటర్ ఒకటి చూశాను, పదేళ్ల నాటిది, మ్యాక్3 అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: ఇనుము బాగుంటే తీసుకోవచ్చు. స్పిండిల్‌ని పది నిమిషాలు ఫుల్ స్పీడులో తిప్పించి చెవి పెట్టి వినండి, గరగర వస్తే బేరింగులు పోయినట్టే. ఒక వృత్తం కోయించండి, గుండ్రంగా కాకుండా నాలుగు చోట్ల చిన్న మెట్లలా వస్తే బ్యాక్‌లాష్ (స్క్రూ, గేర్లలో వదులు) ఉంది. మ్యాక్3 విషయానికొస్తే, దాని ప్యారలల్ పోర్ట్ డ్రైవర్ 64 బిట్ విండోస్ మీద పనిచేయదు. అంటే ఆ మెషిన్‌తో వచ్చే ముసలి కంప్యూటర్ కూడా మెషిన్‌లో భాగమే, అది పోతే అలాంటిదే ఇంకోటి వెతుక్కోవాలి, లేదా కంట్రోలర్ మార్చాలి. డబ్బులిచ్చే ముందు ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్‌ని మొత్తం కాపీ తీసుకోండి, మెషిన్ సెట్టింగుల ఫైల్ అందులోనే ఉంటుంది.