ఇంగ్లండు వార్డుకు వెళ్లబోతున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నువ్వు నర్సు ఉద్యోగానికి ఇంగ్లండు వెళ్లడానికి ఓఈటీకి, అదే వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్షకు, డబ్బు కట్టావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఒక పక్క గర్వంగానూ మరో పక్క గుబులుగానూ ఉంది. నీ పనితనం గురించి నాకు బెంగ లేదు. నరం దొరకని ముసలివాళ్లకు కూడా నువ్వు ఒక్క పోటుతో కాన్యులా, అదే సెలైను ఎక్కించే సన్న గొట్టం, పెడతావని మీ ఆసుపత్రిలో చెప్పుకొనే మాట నా దాకా వచ్చింది. నా గుబులంతా నువ్వు వచ్చు అనుకొంటున్న ఇంగ్లీషు గురించి.

పరీక్ష సంగతి ముందే తేల్చేస్తాను. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ వినడం, చదవడం, మాట్లాడడంలో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్ అడుగుతుంది. ఆ రాత పరీక్షలో ఉత్తరం రాసేటప్పుడు రోగి ‘వామిటెడ్’ అని రాయాలే గాని, మాటల్లో అన్నట్టు ‘త్రూ అప్’ అని రాయకూడదు. నమూనా ప్రశ్నపత్రాలు చేసుకొంటూ పో, నీకు గ్రేడు వస్తుంది.

చిక్కు ఆ తరువాత, వార్డులో మొదలవుతుంది. మనం పుస్తకాల నుంచి ఇంగ్లీషు నేర్చుకొన్నవాళ్లం కాబట్టి పోస్ట్‌పోన్, టాలరేట్, ఎక్స్‌టింగ్విష్ వంటి బరువైన మాటలు మన నోట సులువుగా పలుకుతాయి. అక్కడి రోగులు మాత్రం అవే సంగతులను ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అప్ విత్’, ‘పుట్ అవుట్’ అంటారు. క్రియ ఒక్కటే, వెనక చేరిన చిన్న మాట మారగానే అర్థం ఎక్కడికో పోతుంది. వీటినే ఫ్రేజల్ వెర్బులంటారు. ఇందులో వింతేమీ లేదు, దొంగ పట్టుబడ్డాడనీ పిల్లవాడు పట్టుబట్టాడనీ మనం అంటే, తెలుగు కొత్తగా నేర్చుకొనేవాడి గతి ఏమవుతుందో ఆలోచించు. శామ్యూల్ జాన్సన్ 1755లో తెచ్చిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే, పరాయి దేశాలవారికి అన్నిటికంటే కష్టమైనవి ఈ కలయికలేనని ఒప్పుకొన్నాడు. కాబట్టి నీకు ఇవి తికమకగా ఉంటే నీ బుర్రలో లోపం ఉందనుకోకు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకొన్నది చెబుతాను, ఇది కాస్త ఓపికగా చదువు. నేను అక్కడ నర్సుగా పనిచేసే రోజుల్లో మా వార్డులోకి మన కృష్ణా జిల్లా అమ్మాయి ఒకతె కొత్తగా వచ్చింది. మాలో ఎవ్వరూ చదవనంత చదివి వచ్చిన పిల్ల. ఫ్రేజల్ వెర్బుల జాబితాలు ఆమెకు కంఠతా వచ్చు, ‘బ్రింగ్ అప్’ అంటే పిల్లల్ని పెంచడమనీ, ఒక విషయాన్ని ప్రస్తావనకు తేవడమనీ నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఒక ఉదయం మందులు ఇస్తూ ఆమె ఒక పెద్దాయన మంచం దగ్గరకు వెళ్లింది. మోకాళ్ల నొప్పులకు చాలాకాలంగా ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర వాడుతున్న మనిషి ఆయన. ‘ఐ బ్రాట్ అప్ ఎ బిట్ ఆఫ్ బ్లడ్ దిస్ మార్నింగ్, లవ్’ అన్నాడు, తీరిగ్గా, వాన పడేలా ఉందన్నట్టు. ముందురోజు ఆయనకు రక్త పరీక్ష చేయాలనే మాట వచ్చింది. దాని సంగతి ఈయన పొద్దున డాక్టరు దగ్గర ప్రస్తావించాడు కాబోలు అనుకొని ఆ పిల్ల నవ్వి, ‘దట్స్ గుడ్’ అని చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయింది. ఆయన చెప్పింది మాత్రం నోటి నుంచి నెత్తురు పడిందని.

మధ్యాహ్నం డ్యూటీ అప్పగింతలో కూడా ఆమె ఆ మాట చెప్పలేదు, చెప్పవలసినదేదో ఉందని తెలిస్తే కదా చెప్పేది. నేను డ్యూటీ తీసుకొని మంచం మంచానికీ పలకరిస్తూ వెళ్లేసరికి ఆయన ముఖం పాలిపోయి ఉంది, చెయ్యి పట్టుకొంటే చల్లగా చెమట. మంచం పక్కన అట్టగిన్నెలో కాఫీ పొడి లాంటి నల్లటి వాంతి. అది కడుపులో కారిన నెత్తురేనని నీకు నేను చెప్పనక్కరలేదు. బీపీ పడిపోయింది, డాక్టరు పరుగున వచ్చాడు, రక్తం ఎక్కించారు, ఎండోస్కోపీలో కడుపులో పుండు కనిపించింది. వాళ్లావిడ నా చెయ్యి పట్టుకొని ‘విల్ హీ పుల్ త్రూ?’ అని అడిగింది. గట్టెక్కుతాడా అని అడుగుతోందని నాకు అర్థమైంది గాని, ఆ క్షణాన అవునని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన గట్టెక్కాడు. ఆ పిల్ల మాత్రం దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ఏడ్చింది.

ఆ రోజు మా వార్డు సిస్టరు, అంటే వార్డు నర్సులందరికీ పెద్ద, ఆమెను కేకలు వేయలేదు, కూర్చోబెట్టి ఒక ప్రశ్న నేర్పింది. ‘డిడ్ యూ కాఫ్ ఇట్ అప్, ఆర్ వర్ యూ సిక్?’ ఇది నువ్వు ఇప్పుడే బట్టీ పట్టు. ఎందుకంటే ‘బ్రాట్ అప్’ అన్నప్పుడు దగ్గితే పడిందో వాంతిలో పడిందో ఆ మాట చెప్పదు. ఒకటి ఊపిరితిత్తుల వైపు, మరొకటి కడుపు వైపు చూపిస్తుంది. ఎంత పడింది, ఏ రంగులో పడింది అన్నవి దాని వెంటనే అడగాలి. ఇంకొక సంగతి, అక్కడ ‘ఐ వాజ్ సిక్’ అంటే చాలాసార్లు ఒంట్లో బాగాలేదని కాదు, వాంతి అయిందని.

ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. రోగి ‘ఐ పాస్డ్ అవుట్’ అంటే స్పృహ తప్పిందని అర్థం. నువ్వేమో ఇంటర్వ్యూలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని గర్వంగా చెబుతావు, వాళ్లు మర్యాదస్తులు కాబట్టి నవ్వు ఆపుకొంటారు. ‘ఐ క్వాలిఫైడ్’ అను. ‘ది అలారం వెంట్ ఆఫ్’ అంటే అలారం ఆగిందని కాదు, మోగిందని. ఇది వినగానే నరంలోకి మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు దగ్గరకు వెళ్లాలి. ‘ఇట్స్ వోర్న్ ఆఫ్’ అంటే నొప్పి మాత్ర ప్రభావం తగ్గిపోయింది, నొప్పి మళ్లీ వస్తోందని. ‘మై లెగ్ గేవ్ వే’ అన్నారంటే కాలు పట్టు తప్పి కూలబడ్డారని, కాబట్టి వారిని ఒంటరిగా బాత్రూముకు పంపకు.

వ్యాకరణం గురించి రెండు మాటలు చాలు. కట్టు విప్పమనాలంటే ‘టేక్ ఆఫ్ ది డ్రెసింగ్’ అన్నా ‘టేక్ ది డ్రెసింగ్ ఆఫ్’ అన్నా సరే, ‘ఇట్’ అన్నప్పుడు మాత్రం ‘టేక్ ఇట్ ఆఫ్’ అనే అనాలి, ‘టేక్ ఆఫ్ ఇట్’ అనకూడదు. ‘లుక్ ఆఫ్టర్’ వంటివి అలా విడిపోవు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనే అనాలి. పలికేటప్పుడు ‘టేక్ ఇట్ ఆఫ్’లో నొక్కు చివరి ‘ఆఫ్’ మీద పడుతుంది. మనవాళ్లు దాన్ని మింగేస్తారు, అర్థమంతా ఉన్నది అక్కడే. ‘కోప్ అప్ విత్’ అనే అలవాటు మానుకో, అందులో ‘అప్’ లేదు.

కోచింగ్ సెంటరు వాళ్లు ఇచ్చిన అకారాది జాబితాను పక్కన పడేయి. ఒక నోటుబుక్కు తీసుకొని నొప్పి, ఊపిరి, నిద్ర, విసర్జన, ఇంటికి పంపడం అని పేజీలు విడదీసుకొని, రోగి నోట వచ్చిన వాక్యాన్ని వచ్చినట్టే ఆ పేజీలో రాసుకో. నిద్ర పేజీలో కునుకు పట్టిందనే ‘ఐ నాడెడ్ ఆఫ్’ చేరుతుంది, ఇంటికి పంపే పేజీలో ఫలానాది తగ్గించమనే ‘కట్ డౌన్ ఆన్’ చేరుతుంది. అక్కడ నర్సులకు సాయపడే హెల్త్‌కేర్ అసిస్టెంట్లు చాలావరకు ఆ ఊరివాళ్లే అయి ఉంటారు, టీ తాగేటప్పుడు వాళ్లను అడుగు, డాక్టర్లకంటే బాగా చెబుతారు. తెలియకపోయినా తల ఊపే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, లెక్కల మాస్టారి ముందు అలాగే ఊపేదానివి. వార్డులో ఊపితే నేను క్షమించను. ‘సారీ, వాట్ డూ యూ మీన్ బై దట్?’ అని అడిగిన నర్సును రోగులు చులకన చేయరు. ఎవరైనా చులకన చేస్తే నాకు చెప్పు, కాసేపు ఇద్దరం కలిసి తిట్టుకొందాం.

చలికోటు కొనడానికి తొందరపడకు, అక్కడే మంచిది దొరుకుతుంది.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. నేను రోగిని, నువ్వు నర్సువు. నేను గొణుగుతాను, సగం మాటలు మింగేస్తాను, వాళ్లలాగే నొప్పిని తేలిక చేసి చెబుతాను. అర్థం కాని చోట నన్ను ఆపి అడగాలి. అడగకుండా ‘ఓకే’ అన్నావంటే మళ్లీ మొదటి నుంచి చేయిస్తాను, మీ అమ్మ అన్నానికి పిలిచినా వదిలిపెట్టను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ