అమెరికాలో తమ్ముడు ఐసీయూలో ఉంటే అమ్మను హ్యుమానిటేరియన్ పెరోల్ మీద పంపొచ్చా?

హన్మకొండలో ఉన్న అమ్మకు వీసా లేదన్నారు కాబట్టి చెప్తున్నా: పెరోల్‌తో మొదలుపెట్టకండి. అది వీసా కాదు; అత్యవసర మానవతా కారణాలతో వీసా లేకుండా కొంతకాలం అమెరికాలోకి రానిచ్చే అనుమతి, వేరే దారి లేనప్పుడు అడిగేది. ఐ-131 దరఖాస్తు ఫారం, ఖర్చులు భరించేవాళ్లు ఇచ్చే హామీ ఫారం ఐ-134 కలిపి అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు పంపాలి. నెలలు పట్టొచ్చు, ఇస్తారన్న గ్యారంటీ లేదు. ఇచ్చినా మామూలుగా ఏడాదికి మించదు.

ముందు విజిటర్ వీసాకే వెళ్లండి. ఆన్‌లైన్ వీసా దరఖాస్తు డీఎస్-160 నింపి, ఫీజు కట్టి, దొరికిన ఇంటర్వ్యూ స్లాట్ ఎన్ని రోజుల తర్వాతదైనా బుక్ చేయండి. అది ఉంటేనే ఎమర్జెన్సీ అపాయింట్‌మెంట్ అడగనిస్తారు. ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్‌లో.

అన్నిటికన్నా ముఖ్యం అక్కడి హాస్పిటల్ లెటర్. లెటర్‌హెడ్ మీద జబ్బు, ఇప్పటి పరిస్థితి, డాక్టర్ పేరు, ఫోన్ నంబర్ స్పష్టంగా ఉండాలి. "సీరియస్‌గా ఉంది" అన్న ఒక్క ముక్క సరిపోదు. ఈ రాత్రికే అడిగించండి.

తమ్ముడి పాస్‌పోర్ట్ చివరి పేజీలో అమ్మ పేరు ఎలా ఉందో, ఆమె పాస్‌పోర్ట్‌లో అలాగే ఉందా చూడండి. మన దగ్గర ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉండటం మామూలే. తేడా ఉంటే బంధుత్వం చూపే ఇంకో కాగితం వెంట పెట్టండి. ఏజెంట్ "పెరోల్ గ్యారంటీ" అంటే పైసా ఇవ్వొద్దు.